క్యోటోలో ఒకటిన్నర రోజు: ఏది పాతది, ఎంత పాతది?

టోక్యోకి ఆన్‌సైటు మీద వచ్చిన మనవాళ్ళు ఏదో ఒక వారాంతంలో క్యోటో వెళ్ళిరావడం రివాజు. శనివారం పొద్దున్నే షింకన్‌సెన్ ఎక్కుతారు, రెండుంబావు గంటల్లో అక్కడ దిగుతారు. బంగారు గుడి, ఎర్ర తోరణాల గుడి, వెదురుతోపు, కొండ అంచున చెక్క వసారా ఉన్న గుడి, ఇలా ఓ పది చోట్ల ఫోటోలు దిగి ఆదివారం రాత్రికల్లా తిరిగొచ్చేస్తారు. సోమవారం భోజనాల దగ్గర ఎలా ఉందని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "బానే ఉంది గురూ, కానీ నాలుగు చూసేసరికి అన్నీ ఒకేలా అనిపించాయి."

ఆ మాటని తేలిగ్గా తీసిపారెయ్యలేం. చెక్క స్తంభాలు, వంపు తిరిగిన కప్పు, ముందు గులకరాళ్ళ తోట. చరిత్ర తెలియకపోతే అన్నీ ఒకేలానే ఉంటాయి మరి. మన దేశానికొచ్చిన జపాన్ వాడికి హంపీ, లేపాక్షీ ఒకటే అనిపిస్తే వాణ్ణి తప్పు పడతామా? చిక్కల్లా ఎక్కడుందంటే, "పురాతన నగరం" అనే ఒక్క మాటతో మనం మొత్తం పన్నెండు వందల ఏళ్ళనీ ఒకే సంచీలో వేసేసి బయల్దేరుతాం.

ఈసారి నేను ఒక్కణ్ణే వెళుతున్నాను, చేతిలో ఉన్నది ఒకటిన్నర రోజు. ఒంటరి ప్రయాణంలో ఒక సుఖం ఉంది. ఒక రాయి ముందు ఇరవై నిమిషాలు నించున్నా "ఇంక పద" అనేవాళ్ళుండరు. అలవాటు కొద్దీ ఎక్సెల్ షీటు తెరిచాను. చోటు పేరు, స్టేషను నుంచి దూరం, తెరిచే వేళలు, టిక్కెట్టు. ఊరికే ఉండలేక ఇంకో కాలమ్ కూడా చేర్చాను: ఇప్పుడు మనకి కనిపించే కట్టడం ఏ ఏడాదిది? గుడి ఎప్పుడు స్థాపించారన్నది కాదు సుమండీ, కళ్ళ ముందున్న చెక్క ఎప్పటిది అని.

ఆ కాలమ్ మీద సార్ట్ కొట్టాక షీటు తలకిందులైంది.

అందరూ ముందుగా పరిగెత్తే బంగారు గుడి కింకకుజిని షోగున్ అషికాగ యోషిమిత్సు 1397లో మొదలుపెట్టిన మాట నిజమే. కానీ 1950 జులై 2న ఆ గుళ్ళోనే ఉండే ఒక యువ సన్యాసి దానికి నిప్పు పెట్టాడు. ఇప్పుడున్నది 1955లో తిరిగి కట్టింది, బంగారు రేకులు మళ్ళీ 1987లో తాపినవి. అంటే మన నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసిన ఏడాదే దీనికీ గృహప్రవేశం. చక్రవర్తి కోట గోషోలో ఇప్పటి కట్టడాలు 1855వి. పెద్ద ఎర్ర తోరణం ఉన్న హెయాన్ జింగూ 1895ది. పాత రాజప్రాసాదాన్ని ఎనిమిదింట ఐదు వంతుల కొలతతో, నగరానికి పదకొండు వందల ఏళ్ళు నిండిన సందర్భంగా కట్టుకున్న జ్ఞాపిక అది. కియోమిజు చెక్క వసారా 1633ది. తోజి ఐదంతస్తుల గోపురం 1644ది. మరి నగరం పుట్టింది? 794లో.

ఆ 794 నాటి కట్టడం ఒక్కటి కూడా లేదు. క్యోటో నగర పరిధిలో నిలబడి ఉన్నవాటన్నిట్లోకీ పాతది దైగోజి గోపురం, 951ది. అది కూడా పాత నగరంలో లేదు, ఆగ్నేయాన కొండ అవతల ఉంది. చాలామంది జాబితాల్లో దానికి చోటే ఉండదు. బస్సు దిగి నడవాలి కదా!

ఇది చూసి "అయితే అంతా డూప్లికేటేనా" అనుకునేవాళ్ళుంటారు. నేనలా అనుకోను. అలా ఎందుకు అనుకోనో చెప్పాలంటే అసలు ఈ ఊరు ఎన్నిసార్లు పోయిందో చెప్పాలి.

కమ్ము చక్రవర్తి 784లో నారా నగరాన్ని వదిలి నాగఒకకి మారాడు, అక్కడా పదేళ్ళే ఉండి 794లో ఇక్కడికొచ్చాడు. చైనాలో తాంగ్ రాజుల రాజధాని ఛాంగాన్ నమూనా తీసుకుని, తూర్పు పడమరలు నాలుగున్నర కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలు ఐదుంబావు కిలోమీటర్లకి కాస్త తక్కువగా, చదరంగం గళ్ళలా నగరాన్ని గీశారు. ఉత్తరాన రాజప్రాసాదం, మధ్యన 84 మీటర్ల వెడల్పున సుజాకు వీధి. మన ఆరు వరసల హైవేలు రెండు పక్కపక్కన పరిచినా ఇంకా చోటు మిగులుతుంది. దక్షిణపు కొసన రజోమోన్ అనే సింహద్వారం, దానికి అటూ ఇటూ రెండు గుళ్ళు: తూర్పు గుడి తోజి, పడమటి గుడి సైజి.

చక్రవర్తి ఉత్తరాన కూర్చుని దక్షిణం వైపు చూస్తాడు. ఆయనకి తూర్పు ఎడమ చేతి వైపు ఉంటుంది. అందుకని ఈనాటికీ మ్యాపులో కుడివైపున్న వార్డు పేరు సక్యో, అంటే ఎడమ రాజధాని. ఎడమ పక్కనున్నది ఉక్యో, కుడి రాజధాని. కొత్తగా వచ్చినవాడు తికమకపడి ఛస్తాడు. ఫ్రేమ్ ఆఫ్ రిఫరెన్సు రాజుగారిది, మ్యాపు చూసేవాడిది కాదు! చిరునామాలూ అంతే. రెండు వీధులు కలిసే కూడలి పేరు చెప్పి, అక్కణ్ణుంచి "ఆగరు" అంటే పైకి, అనగా ఉత్తరానికి. "సగరు" అంటే కిందికి, దక్షిణానికి. "నిషి ఇరు" అంటే పడమటికి తిరగమని. ఎక్స్ వై కోఆర్డినేట్లు ఇచ్చి ఆఫ్‌సెట్ చెప్పినట్టు. ఈ పద్ధతిలో ఇప్పటికీ అక్కడ ఉత్తరాలు అందుతున్నాయి. నన్నడిగితే క్యోటోలో అన్నిటికన్నా పాత వస్తువు ఈ గళ్ళే. గుడి కాలిపోతే మళ్ళీ కట్టారు, గీత మాత్రం చాలావరకూ అలాగే ఉంది.

చాలావరకూ అన్నాను. పడమటి సగం చిత్తడి నేల. ఆ వైపు నగరం అసలు సరిగ్గా నిండనే లేదు. యోషిషిగె నో యసుతానె అనే పండితుడు 982లోనే పడమటి రాజధాని పాడుబడిపోయిందని రాసుకున్నాడు. జనం తూర్పుకి, కామో నది వైపుకి జరుగుతూ పోయారు. ఊరికి నడిబొడ్డున ఉండాల్సిన సుజాకు వీధి ఇవాళ ఓ పక్కకి పోయి, సెన్‌బోన్ వీధి పేరుతో మామూలు రోడ్డుగా మిగిలింది. రజోమోన్ ద్వారం 980లో తుఫానుకి కూలిపోయాక మళ్ళీ కట్టలేదు. కురొసావా 1950 నాటి సినిమాలో వానలో తడిసే ఆ ద్వారం గుర్తుందా? అదే ఇది. ఆ చోట ఇప్పుడు పిల్లల పార్కు ఉంది, అందులో ఒక రాతి గుర్తు. నమూనా చూడాలంటే క్యోటో స్టేషను ముందు పదోవంతు కొలతతో చేసింది ఒకటి పెట్టారు. రైలు దిగినవాళ్ళు దాని పక్కనుంచే బస్టాండుకి పరిగెడతారు.

అందుకే నా శనివారం మొదటి మజిలీ తోజి. స్టేషను నుంచి నడిచిపోవచ్చు. సైజి మాయమైపోయింది, తోజి మిగిలింది. 823లో చక్రవర్తి దీన్ని కూకాయ్ అనే సన్యాసి చేతిలో పెట్టాడు. చైనా వెళ్ళి తాంత్రిక బౌద్ధం నేర్చుకొచ్చిన మహానుభావుడాయన. అక్కడి ఉపన్యాస మందిరం 1491లో తిరిగి కట్టిందే కానీ, లోపల ఉన్న 21 విగ్రహాల్లో ఎక్కువభాగం 839 నాటివి. వాటిలో హంసల మీద కూర్చున్న నాలుగు తలల దేవుడొకడున్నాడు, పేరు బోన్‌తెన్. ఏనుగు నెక్కిన ఇంకొకడు తైషకుతెన్. ఎవరో తెలిసిందిగా? మన బ్రహ్మ, ఇంద్రుడు. ఇక్కడ మనవాడికి గైడు అక్కర్లేదు.

ఇంకో సంగతి. కూకాయ్ తన గురుపరంపర చిత్రపటాల్లో ఐదింటిని చైనా నుంచి తెచ్చి, మిగతా రెండూ 821లో ఇక్కడ వేయించాడు. ఆ రెంటిలో ఒకటి ర్యూమ్యోది. సంప్రదాయం ప్రకారం ఆయనే నాగార్జునుడు. స్టేషనుకి ఇవతల ఉన్న రెండు హోంగాన్‌జి గుళ్ళూ వేరే శాఖవి. వాళ్ళ ఏడుగురు ఆచార్యుల వరసలో మొట్టమొదటి పేరు ర్యూజు, ఆయనా నాగార్జునుడే. శాతవాహన రాజుకి ఉత్తరం రాశాడని ప్రసిద్ధి కెక్కినవాడు, మన కృష్ణ ఒడ్డున కొండకి పేరు మిగిల్చినవాడు, ఇక్కడ రెండు శాఖలకి ఆదిగురువు. తాంత్రిక ర్యూమ్యో, మాధ్యమిక నాగార్జునుడు ఒకరేనా అని పండితులకి అనుమానాలున్నాయి, ఉండనీండి. వీసా స్టాంపు కోసం ఎంబసీ ముందు నించున్నప్పుడల్లా, ఆయన ఏ కాగితం లేకుండా ఎంత దూరం వచ్చేశాడో కదా అనుకుంటూంటాను.

సరే, విషయానికొద్దాం. నగరం మొదటిసారి పూర్తిగా నాశనమైంది ఓనిన్ యుద్ధంలో, 1467 నుంచి 1477 దాకా. షోగున్ అషికాగ యోషిమసకి కొడుకుల్లేరని తమ్ముణ్ణి వారసుడిగా ఒప్పించాడు, వెంటనే కొడుకు పుట్టాడు. ఇక చెప్పేదేముంది, మన సినిమాల్లోలాగే! ఒక వైపు హొసొకావ, మరో వైపు యమన. ఈ పెద్ద సేనానులిద్దరూ 1473లో పోయారు, అయినా యుద్ధం మరో నాలుగేళ్ళు నడిచింది. ఎందుకు మొదలైందో మర్చిపోయాక కూడా ఆగని యుద్ధాలకి ఇదొక మంచి నమూనా. విచిత్రం ఏంటంటే పొలాల్లో కాదు, నగరం వీధుల్లోనే కొట్టుకున్నారు. యుద్ధం ముగిసేసరికి ఊరు రెండు చిన్న పేటలుగా మిగిలింది, ఎగువ పేట, దిగువ పేట. రెంటినీ కలుపుతూ మురొమచి వీధి ఒక్కటే. "పోయిన యుద్ధంలో మా ఇల్లు కాలిపోయింది" అని క్యోటో పాతకాపు ఎవరైనా అంటే అది రెండో ప్రపంచ యుద్ధం కాదు, ఓనిన్ యుద్ధం అని అక్కడ ఒక జోకు చెప్పుకుంటారు.

ఆ యోషిమస గారు ఊరు తగలబడుతున్నప్పుడూ, ఆ తర్వాతా తోటల గురించీ, టీ గురించీ ఆలోచించాడు. యుద్ధమయ్యాక 1482లో కట్టడం మొదలెట్టిన విడిదే గింకకుజి, "వెండి గుడి". దాని మీద వెండి ఎప్పుడూ లేదు. పాలకుడిగా ఆయనకి సున్నా మార్కులు. కానీ మనం "జపనీస్ అభిరుచి" అని మెచ్చుకునే నిరాడంబరమైన గది, టీ, తోట, వీటిల్లో చాలావాటికి ఆ కొండ కింద పడిన పునాది ఉంది. ఈ రెండిటినీ ఎలా కలిపి చూడాలో నాకెప్పుడూ అర్థం కాదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఆయన కాదు, ఊళ్ళో మిగిలిన వర్తకులూ నేతగాళ్ళూ. పడమటి సైన్యం గుడారాలు వేసుకున్న చోటుకి యుద్ధం అయ్యాక నేతగాళ్ళు తిరిగొచ్చి మగ్గాలు వేసుకున్నారు. ఆ చోటు పేరే నిషిజిన్, అంటే పడమటి శిబిరం. ఇవాళ నిషిజిన్ అంటే పట్టుబట్ట, యుద్ధం ఎవరికీ గుర్తులేదు. అలాగే 869లో అంటురోగాల శాంతి కోసం మొదలైందని చెప్పే గియోన్ ఉత్సవం ఓనిన్ యుద్ధంతో ఆగిపోతే, 1500లో వీధుల జనమే పూనుకుని మళ్ళీ నిలబెట్టారు. 1533లో షోగున్ ప్రభుత్వం గుడి ఉత్సవం ఆపమంది. గుళ్ళో పూజ లేకపోయినా సరే, మా రథాలు మాత్రం మేం లాగుతామని ఊరివాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. రాజులకన్నా వీళ్ళ చరిత్రే నాకు దగ్గరగా అనిపిస్తుంది. ఇప్పటికీ జులైలో ఆ రథాల బాధ్యత ఆయా వీధులవాళ్ళదే.

తర్వాత తొయొతొమి హిదెయోషి వచ్చాడు. 1591లో ఊరి చుట్టూ ఇరవై కిలోమీటర్ల పైచిలుకు మట్టికట్ట పోయించాడు, చాలా గుళ్ళని తీసుకెళ్ళి తూర్పున ఒక వరసలో పెట్టించాడు. తెరమచి, అంటే గుళ్ళ వీధి, అలా పుట్టిందే. ఈ ఊరు పునర్నిర్మాణానికి ఆయన చేసినంత ఇంకెవరూ చెయ్యలేదని పుస్తకాలు రాస్తాయి. అదే మనిషి 1592లోనూ 1597లోనూ కొరియా మీదికి సైన్యాల్ని పంపాడు. తలలు మోసుకురావడం కష్టమని, చంపినవాళ్ళ ముక్కులు కోసి ఉప్పులో ఊరబెట్టి పీపాల్లో పంపారు. లెక్కకి అదే రసీదు. ఎంతమందివో ఖచ్చితంగా చెప్పలేం, పదుల వేలల్లో ఉంటుంది. వాటిని పాతిపెట్టిన దిబ్బ క్యోటోలోనే ఉంది, మిమిజుక అని. ఆ మాటకి అర్థం చెవుల దిబ్బ. ముక్కుల దిబ్బ అనడం బాగోదని తర్వాత్తర్వాత పేరు మార్చుకున్నారు కాబోలు.

1001 కన్నోన్ విగ్రహాలుండే సంజూసంగెన్‌దో, 1266 నాటి అసలైన పాత కట్టడం, అందరి లిస్టులోనూ ఉంటుంది. అక్కణ్ణుంచి ఈ దిబ్బకి పది నిమిషాల నడక. లోపల విగ్రహాలు చూసి "అబ్బ!" అని బయటకొచ్చి బస్సెక్కేసేవాళ్ళే ఎక్కువ. దిబ్బ మీద గడ్డి, పైన ఐదు రాళ్ళ స్తూపం, పక్కనే పిల్లలాడుకునే చోటు. ఎదురుగా హిదెయోషినే దేవుడిగా కొలిచే తొయొకుని గుడి. కొరియన్లు వచ్చి దణ్ణం పెట్టుకుని పోతూంటారు. నా షీటులో దీనికి అరగంట కేటాయించాను. కింకకుజికి కేటాయించలేదు.

దీనికి జోడీగా ఇంకోటి చెప్పాలి, ఎందుకంటే అది మనకి సంబంధించింది. కియోమిజు కింద, తూర్పు కొండల్లో ఉన్న రియోజెన్ గోకొకు గుళ్ళో 1997లో జస్టిస్ రాధావినోద్ పాల్ స్మారకం పెట్టారు. టోక్యో యుద్ధ నేరాల విచారణలో ముద్దాయిలందరూ నిర్దోషులని వేరుగా తీర్పు రాసిన భారతీయ జడ్జి. మనవాళ్ళు అది చూసి "చూశావా, మనాయనకి విగ్రహం" అని పొంగిపోతారు. పొంగిపోవచ్చు. కానీ ఆ తీర్పులో జపాన్ సైన్యం దారుణాలు చేసిందనడానికి సాక్ష్యాలు బలంగా ఉన్నాయని కూడా ఆయనే రాశాడు. విజేతలు పెట్టిన కోర్టుకి, ఆ చట్టానికి చెల్లుబాటు ఉందా అన్నది ఆయన ప్రశ్న. స్మారకం కట్టినవాళ్ళకి సగం చాలు. మనకి కూడా సగమే చాలా అన్నది మనం తేల్చుకోవాలి.

తొకుగావ కాలం గురించి ఎక్కువ చెప్పను. శాంతి ఉంది, అధికారం ఎదోలో ఉంది. నిజో కోట చూస్తే చాలు. 1603లో కట్టిన ఆ కోటలో అడుగేస్తే పిట్టల్లా కూసే నేల అందరికీ నచ్చుతుంది. 1867లో ఆఖరి షోగున్ అధికారం వదులుకుంటున్నానని ప్రకటించింది కూడా అక్కడే. మధ్యలో రెండు పెద్ద అగ్నిప్రమాదాలు: 1788లో ఊరు చాలావరకూ బూడిదైంది, 1864లో రాజప్రాసాదం ద్వారం దగ్గర జరిగిన పోరాటంలో అంటుకుని పాతిక వేల పైచిలుకు ఇళ్ళు కాలాయి. ఆ 1864లో కాలిన హిగషి హోంగాన్‌జిని 1895కి తిరిగి కట్టారు. దూలాలు ఎత్తుతుంటే మోకులు తెగిపోతున్నాయని దేశం నలుమూలల ఆడవాళ్ళు తమ జుట్టు కోసి ఇస్తే, వాటితో మోకులు పేనారు. ఒకటి అక్కడే చూపుకి పెట్టారు. తిరుపతిలో తలనీలాలిచ్చే మనకి ఇది వింతగా అనిపించదు. స్టేషనుకి ఐదారు నిమిషాల దూరం, టిక్కెట్టు లేదు, చూసేవాళ్ళు తక్కువ.

1869 నాటికి చక్రవర్తి టోక్యో చేరిపోయాడు. వెయ్యేళ్ళకి పైగా రాజధానిగా బతికిన ఊరికి ఉద్యోగం ఊడింది. ప్రభువులు, ఉద్యోగులు, వాళ్ళని నమ్ముకున్న కళాకారులు వెళ్ళిపోయారు. మూడోవంతు దాకా జనం తగ్గారు. మన వృత్తివాళ్ళకి క్యోటోలో అన్నిటికన్నా గొప్ప కథ ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. గైడు పుస్తకాల్లో దీనికి ఒక పేరా కూడా ఉండదు.

గవర్నరు కితగాకి కునిమిచికి ఒక ఆలోచన వచ్చింది. పక్కనున్న బివా సరస్సు నుంచి కొండల్ని తొలిచి కాలవ తవ్వుదాం, సరుకు రవాణా, మిల్లులకి చక్రాలు, తాగునీరు అన్నీ అవుతాయని. దానికి ఇంజనీరుగా 1883లో తీసుకున్నది తనబె సకురో అనే కుర్రాణ్ణి. వయసు ఇరవై రెండు కూడా నిండలేదు, అప్పుడే కాలేజీ నుంచి బయటికొచ్చాడు. క్వాలిఫికేషనల్లా ఇదే కాలవ మీద రాసిన ప్రోజెక్టు రిపోర్టు. పెద్ద పనులకి విదేశీ ఇంజనీర్లని పెట్టుకునే రోజులవి. ఈ పనిని మాత్రం జపనీయులే చేశారు. 1885లో మొదలెట్టారు. మొదటి సొరంగమే 2,436 మీటర్లు. రెండు వైపుల నుంచే తవ్వితే ఆలస్యమని, మధ్యలో పైనుంచి బావిలా నిలువునా దిగి అక్కణ్ణుంచి అటూ ఇటూ తవ్వారు. అది జపాన్‌కి కొత్త.

ఇక్కడ అసలు మలుపు. పని సగంలో ఉండగా 1888లో తనబె అమెరికా వెళ్ళాడు. ఆస్పెన్‌లో నీటితో కరెంటు తీస్తున్నారని విని చూసొచ్చాడు. నీటి చక్రాల డిజైను పక్కన పెట్టి జలవిద్యుత్తుకి మారిపోయారు! రిక్వైర్‌మెంట్లు మారితే మనం ఎంత గొడవ చేస్తామో తలుచుకోండి. 1890లో కాలవ పూర్తయింది, 1891లో కెఆగె విద్యుత్కేంద్రం కరెంటివ్వడం మొదలెట్టింది, 1895లో ఆ కరెంటుతో జపాన్‌లోనే మొదటి ఎలక్ట్రిక్ ట్రాము క్యోటో వీధుల్లో తిరిగింది. నగరం బతికింది. ఈనాటికీ క్యోటో కుళాయిల్లో వచ్చేది ఆ సరస్సు నీరే. 2025లో ఈ కాలవ కట్టడాలు కొన్నిటికి జాతీయ నిధి హోదా ఇచ్చారు. పనిలో 17 మంది పోయారు. వాళ్ళ పేర్లతో 1902లో తనబె కెఆగెలో ఒక రాయి నిలబెట్టాడు.

ఇది చూడాలంటే నన్‌జెన్‌జి గుడికి వెళ్ళండి. గుడి ఆవరణలోనే ఎర్ర ఇటికల కమానుల మీద కాలవ పోతూంటుంది. కట్టేటప్పుడు ఎంతమంది తిట్టుకుని ఉంటారో! ఇప్పుడు పెళ్ళి ఫోటోలన్నీ దాని కిందే. అక్కణ్ణుంచి గింకకుజి దాకా సాగే ప్రఖ్యాత "తాత్త్వికుడి బాట" పక్కన పారేది కూడా ఏ పురాతన సెలయేరో కాదు, ఈ కాలవ పాయే. నిషిద కితారో అనే తత్త్వవేత్త ఆ గట్టున వాహ్యాళికి పోయేవాడని ఆ పేరు. ఆదివారం పొద్దున్న నా నడక ఇదే. ఒక పక్కమాట: ఆ చుట్టుపక్కల ఉడికించిన తోఫు భోజనం పేరున్నది. శాకాహారులు "సరే" అని కూర్చునే ముందు రసంలో చేప ఉందా అని అడగాలి. దషి అనే రసం చాలాచోట్ల ఎండుచేపతోనే చేస్తారు. "షోజిన్" భోజనం అని అడిగితే సన్యాసుల తిండి, అందులో చేప ఉండదు.

ఇక 1945. క్యోటో మీద బాంబు పడకపోవడం గురించి మీరు వినే ఉంటారు, ఒక అమెరికన్ మంత్రి హనీమూనుకి వచ్చి మనసు పారేసుకున్నాడని. యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ 1920ల్లో క్యోటో వచ్చిన మాట నిజం. ఆయన పెళ్ళి 1893లో అయింది, కాబట్టి హనీమూను వట్టిమాట. హార్వర్డ్ కళాచరిత్రకారుడు లాంగ్డన్ వార్నర్ కాపాడాడని ఇంకో కథ నడిచింది, ఆయనే కాదన్నా జనం వినలేదు. జరిగింది ఇది. 1945 మే నెలలో అణుబాంబు లక్ష్యాల కమిటీ జాబితాలో క్యోటో మొదటి వరసలోనే ఉంది. పెద్ద ఊరు, బాంబు పడనిది, చుట్టూ కొండలు. దెబ్బ ఎంతో కొలవడానికి అనువు. మామూలు బాంబులు దీని మీద వెయ్యకుండా అట్టిపెట్టడానికి ఒక కారణం అదే. స్టిమ్సన్ పేరు కొట్టేయించాడు, సైన్యాధికారులు మళ్ళీ చేర్చబోయారు, ఆయన జులైలో ట్రూమన్ దాకా వెళ్ళి ఖాయం చేసుకున్నాడు. యుద్ధమయ్యాక జపనీయులు శాశ్వతంగా పగబడతారన్న లెక్క కూడా అందులో ఉంది. క్యోటో పోయిన చోట జాబితాలో నాగసాకి వచ్చి చేరింది. ఆగస్టు 9న విమానం మొదట వెళ్ళింది కొకురకి. మబ్బూ పొగా అడ్డొచ్చి నాగసాకికి తిరిగింది. క్యోటోలో గుళ్ళు చూసి ముచ్చటపడే ప్రతివాడూ ఈ వాక్యం దగ్గర ఒక నిమిషం ఆగాలనిపిస్తుంది నాకు.

పైగా "క్యోటోకి ఏమీ కాలేదు" అన్నదీ పూర్తి నిజం కాదు. 1945 జనవరిలో ఉమమచిలో, జూన్‌లో నిషిజిన్‌లో బాంబులు పడి పదుల సంఖ్యలో జనం పోయారు. అంతకన్నా పెద్ద నష్టం స్వహస్తాలతో జరిగింది. వైమానిక దాడులొస్తే మంటలు పాకకుండా ఖాళీ జాగాలుండాలని ఇళ్ళకి తాళ్ళు కట్టి లాగి వేలాది ఇళ్ళు కూల్చారు. ఊళ్ళో ఓయికె, గోజో, హొరికావ వీధులు అంత వెడల్పుగా ఎందుకున్నాయంటే అందుకు. రాని దాడి కోసం పడగొట్టిన ఇళ్ళ జాగా అది. ఇప్పుడు వాటి మీద సిటీ బస్సులు తిరుగుతున్నాయి.

ఇళ్ళంటే గుర్తొచ్చింది. వీధికి సన్నటి ముఖం, లోపలికి పొడుగ్గా, మధ్యలో చిన్న తోట ఉండే చెక్క ఇళ్ళని మచియ అంటారు. నేతగాళ్ళు, వర్తకులు, రథాలు లాగినవాళ్ళు బతికింది వీటిల్లోనే. 2016 నగర సర్వే ప్రకారం ఇవి సుమారు 40 వేలు ఉన్నాయి. అంతకు ముందు సర్వేతో పోల్చి చూస్తే రోజుకి రెండు చొప్పున పోతున్నాయి. యునెస్కో 1994లో ఇచ్చిన ప్రపంచ వారసత్వ హోదా ఉన్న 17 చోట్లకి ఏ ఢోకా లేదు, కాలినా మళ్ళీ కడతారు. మచియ పోతే హోటలో, అపార్ట్‌మెంటో, కార్ల పార్కింగో. నగరం ఊరికే కూర్చోలేదు. 2007లో నడిమి ఊళ్ళో భవనాల ఎత్తుని 31 మీటర్లకి తగ్గించారు, అప్పట్లో స్థలాల వాళ్ళు గగ్గోలు పెట్టారు. కానీ వారసత్వ పన్ను, భూకంప నిబంధనలు, ముసలివాళ్ళు పోయాక పిల్లలు టోక్యోలో ఉండిపోవడం, వీటిని ఎత్తు నిబంధన ఏం చేస్తుంది? మన ఊళ్ళో మండువా ఇళ్ళు ఎలా పోయాయో తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

కింకకుజి డూప్లికేటు కాదని ఎందుకన్నానంటే, దాని కొలతలు తెలుసు, 1900ల మొదట్లో మరమ్మతు చేసినప్పుడు గీసిన నక్షాలున్నాయి, ఆ పని తెలిసిన వడ్రంగులున్నారు. తిరిగి కట్టగలిగారు. పేరులేని వీధిలో పేరులేని ఇంటికి ఆ నక్షా ఎవరు గీస్తారు?

కాబట్టి నా ప్లాను ఇలా తేలింది. శనివారం తోజి, హిగషి హోంగాన్‌జి మోకు, భోజనం, సంజూసంగెన్‌దో, మిమిజుక, సాయంత్రం కొండ ఎక్కి కియోమిజు. ఆదివారం పొద్దున్నే కెఆగె, నన్‌జెన్‌జి, కాలవ గట్టు మీదుగా గింకకుజి. బస్సులు కిటకిటలాడతాయి కాబట్టి సబ్‌వే, కాళ్ళు. బస్సు ఒక్కదానికే ఇచ్చే ఒకరోజు పాసు 2024లో తీసేశారు, పాత పోస్టులు చదివి కౌంటర్లో అడక్కండి, సబ్‌వే కలిపిన పాసు ఉంది. దైగోజి 951 గోపురం ఈసారికి కుదర్లేదు, అది బాధగానే ఉంది. గియోన్‌లో గేషాల వెంట కెమెరా పట్టుకుని పరిగెత్తకండి, 2024 నుంచి అక్కడి ప్రైవేటు సందుల్లోకి సందర్శకుల్ని రానివ్వట్లేదు. మనుషులుండే వీధులవి.

ఆదివారం ఒంటిగంట నుంచి మూడు దాకా షీటులో గడి ఖాళీగా ఉంచాను. నిషిజిన్ సందుల్లో తిరుగుతాను. ఎక్కడైనా మగ్గం చప్పుడు వినపడుతుందేమో చూడాలి. నాలుగింటి బండికి టిక్కెట్టు తీసేశాను.